రిజెక్టుగారు పోసిన అచ్చు

ఆయనకు తల్లిదండ్రులు ముచ్చటపడి పెట్టుకున్న పేరు ఒకటుండేది. వాష్‌బేసిన్ల ఫ్యాక్టరీలో, తనిఖీ విభాగంలో చేరిన ఏడాది తిరక్కుండానే అది అరిగిపోయింది. దాని స్థానంలో ‘రిజెక్టుగారు’ అన్న పేరు వచ్చి కూర్చుంది. ఉద్యోగం ఆయన్ని వదిలేశాక కూడా ఆ పేరు వదల్లేదు.

బట్టీలో కాలి వచ్చిన బేసిన్లు బల్ల మీద బారుగా బోర్లా పడుకుంటే, ఆయన అరచేయి వాటి వీపుల మీద పాకేది. ఆవగింజంత గుంట, వెంట్రుకంత గీత, మెరుపు తగ్గిన చిన్న మచ్చ, ఏది తగిలినా సరే, ఎర్ర సుద్దతో అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత. ఆ తర్వాత సుత్తి. చేసినవాడి కళ్లెదుటే పగలగొట్టాలన్నది ఫ్యాక్టరీ నియమం కాదు, ఆయన సొంత నియమం. “కళ్లారా చూస్తేనే బుద్ధొస్తుంది” అనేవాడు. రంధ్రాన్వేషణ అంటే లోకానికి తిట్టు, ఆయనకు హోదా.

“ఈ గుంటలు పడకుండా ఎలా పొయ్యాలో మీరే చెప్పండి సార్” అని ఎవరైనా అడిగితే మాత్రం, “అది నా విభాగం కాదు” అనేవాడు. అది నిజమే. ఉద్యోగం చేసినంత కాలమూ ఒక్క బేసిన్ కూడా చేసి ఎరగడు. పొయ్యి ముట్టించడం రానివాడికే కూరలో ఉప్పెక్కువైందని అందరికంటే ముందు తెలుస్తుంది మరి.

రిటైరయ్యాక ఆ అరచేతికి పని లేకుండా పోయింది. కొన్నాళ్లు ఇంటి తలుపుల మీదా, ఇస్త్రీ చొక్కాల మీదా, పొరుగాయన కొత్త కారు మీదా తిరిగింది. పొరుగాయన కారును వెనక వీధిలో పెట్టుకోవడం మొదలుపెట్టాడు. భార్య మాత్రం పెద్దగా పట్టించుకోలేదు. కోడిగుడ్డుకు ఈకలు పీకే మనిషితో ఇన్నేళ్లు కాపురం చేసిన ఇల్లాలికి గుడ్లు ఎక్కడ దాచుకోవాలో తెలుసు.

“బావగారు మొదటిసారి అక్కను చూడ్డానికి మా ఇంటికొచ్చినప్పుడు, హాల్లో గోడ బీట వంకే చూస్తూ కూర్చున్నారు” అని మరదలు ఇప్పటికీ చెబుతుంది. “ఆ బీట పుణ్యమా అని అక్క ముఖం సరిగా చూడలేదు. చూసుంటే అది కూడా ఆ రోజే రిజెక్టు!”

ఈ అక్కాచెల్లెళ్లిద్దరూ ఇంటి పక్క షెడ్డులో రెజిన్ పని చేసేవారు. ఒకప్పుడు కారుండే షెడ్డు అది. కారు అమ్మేశాక బల్లలు వేసుకున్నారు. రెజిన్ ఒక సీసాలో, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ మరో సీసాలో ఉంటాయి. రెండింటినీ చెప్పిన పాళ్లలో కలిపి, రబ్బరులా మెత్తగా ఉండే సిలికాన్ అచ్చులో పోసి మూతపెడితే, మర్నాటికి గాజులాంటి వస్తువు ఊడి వస్తుంది. గడియారాలు, ట్రేలు, తాళంచెవుల బిళ్లలు, ఎండిన పూలను పొట్టలో పెట్టుకున్న దిమ్మలు. చుట్టుపక్కల దుకాణాల వాళ్లు వచ్చి పట్టుకెళ్లేవారు. రిటైరయ్యేదాకా రిజెక్టుగారు పగలంతా ఫ్యాక్టరీలో ఉండేవాడు కాబట్టి, ఈ వ్యాపారం ప్రశాంతంగా జరిగింది.

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం ఆయన షెడ్డులోకి అడుగుపెట్టాడు. చేతిలో ఎర్ర కాగితపు బిళ్లల కట్ట ఉంది. రెజిన్ మీద సుద్ద నిలవదని ముందే కనుక్కుని వచ్చాడు.

“ఇదేంటి?”

“ట్రే” అంది భార్య.

“ట్రే అని నాకూ కనపడుతోంది. ఈ మూలనున్నది ఏంటి?”

“బుడగ.”

“ఎందుకొచ్చింది?”

“మీరొచ్చారని తెలిసి, చూసిపోదామని వచ్చింది బావగారూ” అంది మరదలు.

ఆయన నవ్వలేదు. ఒక బిళ్ల తీసి ట్రే మీద అంటించాడు. సాయంత్రానికి షెడ్డులోని వస్తువులన్నింటికీ తట్టు పోసినట్టయింది. బిళ్ల పీకితే జిగురు మరక మిగిలేది. అంటే అంతకుముందు లేని లోపం ఒకటి కొత్తగా చేరేది. భార్య ఆ మరకలు తుడుచుకుని, ఆ గుడ్డను ఆయన కుర్చీ మీదే ఆరేసేది.

ఇలా ఉండగా ఫ్యాక్టరీ నుంచి ఆర్డరు వచ్చింది. అదీ ఆయన ఫ్యాక్టరీ నుంచే. ఆ ఏడాది ఒక్క చెడ్డ సరుకు కూడా గేటు దాటనివ్వని ఉద్యోగులకు ‘జీరో డిఫెక్ట్ అవార్డు’ ఇస్తారట. గాజులా తళతళలాడే దిమ్మ, దాని లోపల వేలెడంత తెల్ల వాష్‌బేసిన్, అడుగున పేరు చెక్కిన రేకు. తెల్లటి బుల్లి బేసిన్లు వాళ్లే చేసి పంపుతారు. ఫోను చేసినవాడు రిజెక్టుగారి శిష్యుడు. ఇప్పుడు ఆయన కుర్చీలో కూర్చుంటున్నదీ వాడే, ఈ ఏటి అవార్డుల్లో పెద్దది అందుకోబోతున్నదీ వాడే.

“వాణ్ని తయారుచేసింది నేను” అన్నాడు రిజెక్టుగారు ఆ రాత్రి భోజనాల దగ్గర. “అంటే ఆ అవార్డు న్యాయంగా ఎవరికి రావాలి?”

“అవార్డు తయారుచేసేది మేము. కాబట్టి మాకు” అంది భార్య, మజ్జిగ పోస్తూ.

నమూనాగా పోసిన మొదటి దిమ్మ బయటికొచ్చింది. లోపల బేసిన్ చుట్టూ బుడగల దండ, ఒక మూల పొగమంచు పట్టినట్టు మసక, ముందు పలక మీద అక్కడక్కడా అమ్మవారు పోసినట్టు గుంటలు. రిజెక్టుగారి ముఖం వెలిగిపోయింది. రిటైరయ్యాక ఆయన అంత ఆనందంగా కనిపించడం అదే మొదటిసారి.

ఆ క్షణం నుంచి విచారణ మొదలైంది. షెడ్డులో ఫ్యాను వేయకూడదన్నాడు, దుమ్ము. కిటికీ తెరవకూడదన్నాడు, తేమ. కిటికీ మూసి ఫ్యాను లేకుండా వాళ్లకు చెమట పడితే, చెమట పట్టకూడదన్నాడు. వంటింట్లో మూకుడు పెట్టినప్పుడల్లా నూనె ఆవిరి షెడ్డు దాకా వస్తోందని, వేపుళ్లు మానిపించాడు. పోసే సమయంలో మరదలు నవ్వకూడదన్నాడు, నవ్వితే బల్ల అదురుతుందట.

“నేను నవ్వితే బల్ల అదురుతుందా బావగారూ?”

“సాక్ష్యం ఉంది.”

“ఉండకేం. మీరు తుమ్మినప్పుడు ఊడిన పెచ్చులు కూడా ఉన్నాయి” అంది మరదలు, గోడ చూపిస్తూ.

ఈ తతంగం జరుగుతుండగానే ఆయన భార్య ఒక్కొక్క లోపాన్నీ పట్టుకుని దాని పీక నొక్కుతూ వచ్చింది. ఆవిడకూ అన్నీ ఒకేసారి తెలియలేదు. బుడగలు కలపడంలో వస్తున్నాయనుకుని ఎంతో నిదానంగా కలిపింది, తగ్గలేదు. తర్వాత అర్థమైంది, ఆ బుల్లి బేసిన్ల అడుగున మెరుపు పూత లేదు. పూత లేని ఆ మట్టి రంధ్రాల్లోని గాలే బుడగలవుతోంది. ముందుగా బేసిన్లకు కుంచెతో పల్చగా రెజిన్ పూసి ఆరనిస్తే ఆ దండ మాయమైంది. మసక వేరే కథ. అచ్చు కడిగి సరిగా ఆరకముందే పోశారు, దానికి తోడు ముసురు. అచ్చులను తుడిచి, దీపం వెచ్చదనంలో ఉంచి, అప్పుడు పోస్తే అదీ పోయింది. గుంటలు మాత్రం పోలేదు. అవీ ఎప్పుడూ ముందు పలక మీదే, చేత్తో నిమిరితే తగిలే చోటే.

ఒకరోజు ఆవిడ దిమ్మను కిటికీ వెలుగులో పెట్టి ఏటవాలుగా చూసింది. గుంటలన్నీ కలిసి ఒక ఆకారంలో ఉన్నాయి. గీతలు, సుడులు, మధ్యలో అడ్డంగా తెగిన మచ్చ. భర్త బొటనవేలి మీద పాత బ్లేడు గాటు అది. ఆయన రోజూ పొద్దున్నే మోకాళ్లకు నొప్పి నూనె రాసుకుని, ఆ చేత్తోనే షెడ్డుకొచ్చి, ఖాళీ అచ్చుల లోపల వేలు పెట్టి ‘నునుపు తనిఖీ’ చేస్తున్నాడు. నూనె పూసిన చోట రెజిన్ పరుచుకోక ముడుచుకుపోతోంది. అచ్చు ఏది ఇస్తే అదే చూపిస్తుంది, మొహమాటం ఎరగదు.

“ఏమండీ, దొంగ దొరికాడు” అంది.

రిజెక్టుగారు దిమ్మ చూశాడు. తన బొటనవేలు చూసుకున్నాడు. మళ్లీ దిమ్మ చూశాడు.

“అచ్చులకు తాళం వేయకపోవడం మీ తప్పు” అన్నాడు.

గురివింద గింజ కూడా అంత ధీమాగా మాట్లాడి ఉండదు. మరదలు ఆ రోజు నవ్విన నవ్వుకు బల్ల నిజంగానే అదిరింది. ఆ సాయంత్రమే షెడ్డు తలుపుకు తాళం పడింది. తాళంచెవి భార్య కొంగు ముడిలోకి చేరింది.

ఆ తర్వాత దిమ్మలు ఒకదాని వెంట ఒకటి తళుక్కున బయటికొచ్చాయి. ఆఖరి విడత అచ్చుల్లో పోసిన సాయంత్రం, ఊళ్లోనే ఉన్న మరదలి కోడలికి అనుకున్నదానికంటే ముందే పురిటి నొప్పులొచ్చాయి. అక్కాచెల్లెళ్లిద్దరూ ఆసుపత్రికి పరిగెత్తాల్సి వచ్చింది. వెళ్తూ వెళ్తూ భార్య కొంగు ముడి విప్పింది. వేరే దారి లేదు.

“చల్లటి వాతావరణం. ఆలస్యంగా గట్టిపడుతుంది. నేను ఫోను చేసేదాకా అచ్చులు ఊడదీయకండి. ఊడదీశాక పెట్టెల్లో పెట్టండి. అంతే. ఇంకేమీ ముట్టుకోవద్దు.”

“నాకా చెబుతున్నావు?” అన్నాడాయన.

“ఇంట్లో ఇంకెవరున్నారు?”

పొద్దున్నే ఆయన షెడ్డులో ఉన్నాడు. ఫోను ఇంకా రాలేదు. ఒక్కటి చూద్దాం, నమూనాకు ఒక్కటే, అనుకున్నాడు. అచ్చు వంచి దిమ్మను బయటికి తీశాడు. అద్భుతంగా ఉంది. ఏ మూలా ఏ మచ్చా లేదు. అలా ఏమీ దొరకని వస్తువు చేతిలో ఉంటే ఆయనకు ఎప్పుడూ ఊపిరాడదు. గట్టిపడిందో లేదో చూడాలి కదా. బొటనవేలితో నొక్కాడు. వేలు దిగబడింది, వెన్నలో దిగబడ్డట్టు.

అడుగున రేకు తిప్పి చూశాడు. శిష్యుడి పేరు.

కుడితిలో పడ్డ ఎలుకలా అయింది ఆయన పరిస్థితి. అవార్డుల సభ మర్నాటి సాయంత్రం. భార్యకు చెబితే మరదలికి తెలుస్తుంది, మరదలికి తెలిస్తే లోకానికి తెలుస్తుంది. మరో దిమ్మ పొయ్యాలి. పోస్తే ఏముంది? ఆడవాళ్లు నవ్వుకుంటూ మాట్లాడుకుంటూ చేసే పని. ఇన్నేళ్లు నాణ్యతను శాసించిన మనిషికి ఇదొక లెక్కా?

చెడిన దిమ్మ నుంచి ఊడబీకిన రేకు, మిగిలిన బేసిన్ ఒకటి, ఖాళీ అచ్చు ఒకటి తీసుకున్నాడు. రెండు పాళ్ల రెజిన్‌కు ఒక పాలు హార్డెనర్ అని సీసా మీద రాసుంది. రాసినవాడికి రేపు సాయంత్రం సభ లేదు. గట్టిపరిచేది అదే అయినప్పుడు, ఎక్కువ వేస్తే ఎక్కువ గట్టిపడుతుంది, త్వరగానూ గట్టిపడుతుంది. ఇందులో పెద్ద శాస్త్రమేముంది? సమానంగా పోశాడు. చెయ్యి నొప్పి పుట్టేదాకా గిలక్కొట్టాడు. గ్లాసు నిండా నురుగు లేచింది. కాసేపటికి గ్లాసు వెచ్చబడింది, ఆ తర్వాత వేడెక్కింది, ఆ తర్వాత ప్లాస్టిక్ గ్లాసు ఆయన చేతిలోనే నడుము వంచింది. కంగారుగా అచ్చులో కుమ్మరించాడు. బేసిన్ మునుగుతున్న పడవలా ఒరిగి, అలాగే ఆగిపోయింది.

మధ్యాహ్నం భార్య ఫోను చేసింది. మనవడు పుట్టాడట, తల్లీబిడ్డా క్షేమమట.

“ఇక అచ్చులు ఊడదీయొచ్చు. దిమ్మలన్నీ బాగానే కనిపిస్తున్నాయా?”

“ఒక్క లోపం కూడా లేదు” అన్నాడు.

మర్నాడు పొద్దున అచ్చు ఊడదీశాడు. ఊడి రాలేదు, సాగుతూ వచ్చింది. లోపలంతా పాల నురుగు. పైపలక మీద ఎక్కడపడితే అక్కడ గుంటలు. రంగు పాత గోరులా పసుపు. వేలు పెడితే చప్ అని పట్టుకుని, వదలడానికి బతిమాలించుకుంటోంది. అచ్చు గోడకు అంటుకున్న బంకను ఆయన చాకుతో గీకాడు. అచ్చు నిండా గీతలు పడ్డాయి.

స్టూలు మీద కూర్చున్నాడు. బల్ల మీద ఎర్ర బిళ్లల కట్ట అలాగే ఉంది. చెయ్యి అటు పోలేదు. ఇది ఇంకెవరైనా చేసి ఉంటే చూసీ చూడకముందే అంటించేవాడు. దీన్ని చూస్తుంటే మాత్రం ఏవేవో కనబడుతున్నాయి. నిన్న పడ్డ పాట్లు, కాలిన వేళ్లు, లాగేసిన భుజం. మొదటిసారి చేసినదాని కింద ఇది అంత దారుణమేమీ కాదు. లోపల ఆ నురుగు ఒక రకంగా మేఘంలా ఉంది. గుంటలంటారా, చేతిపనికి ఆ మాత్రం ఉండకపోతే యంత్రం చేసినట్టు ఉండదూ? జిగురొక్కటే ఇబ్బంది. దానికి మందు భార్య అలమరలో దొరికింది. ముఖానికి రాసుకునే పౌడరు.

డబ్బా ఒలికించి రుద్దాడు. ఎర్ర మఖమలు గుడ్డ పరిచిన పెట్టెలో దాన్ని పడుకోబెట్టి, మూత మీద ‘తనిఖీ అయినది’ అని రాసి, సంతకం పెట్టాడు. ఆయన జీవితంలో అనుమానం తలెత్తినా పాసు చేసిన మొదటి సరుకు అదే.

సభ ఫ్యాక్టరీ పెద్ద హాల్లో జరిగింది. వేదిక మీద యజమాని, పక్కన అవార్డు పెట్టెలు. ముందు వరసలో పాత అధికారుల మధ్య రిజెక్టుగారు. మూడో వరసలో, ఆసుపత్రి నుంచి తిన్నగా వచ్చిన భార్యా మరదలూ. వెనకంతా పనివాళ్లు. ఒక్కొక్క దిమ్మా వెలుగులో మెరుస్తూ బయటికొస్తుంటే హాలంతా చప్పట్లు. ఆఖరున శిష్యుణ్ని పిలిచారు.

యజమాని పెట్టె తెరిచి దిమ్మను ఎత్తాడు. దిమ్మతోపాటు పెట్టె కూడా లేచింది. విదిలించాడు. పెట్టె వేలాడింది. కార్యదర్శి వచ్చి పెట్టెను లాగితే, చర్రుమని చిరిగి, మఖమలు సగం దిమ్మతోనే ఉండిపోయింది. ఎర్ర నూగు, మధ్యమధ్య తెల్ల పౌడరు చారలు. జీరో డిఫెక్ట్ అవార్డు గొంగళిపురుగులా ఉంది. హాలంతా పౌడరు వాసన గుప్పుమంది.

శిష్యుడు దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. అందుకుని, ఎక్కడున్నాడో మరిచిపోయాడు పాపం. నేర్పిన చదువు అలాంటిది. దిమ్మను వెలుగుకేసి ఎత్తాడు, ఏటవాలుగా తిప్పాడు, బొటనవేలితో ఒకసారి నిమిరి, “రిజెక్టు” అన్నాడు.

మైకు ఆ మాటను హాలు చివరిదాకా మోసుకెళ్లింది.

ఎవరూ నవ్వలేదు, ఇంకా. యజమాని వేళ్లు ఒకదాన్నుంచి ఒకటి విడదీసుకుంటూ, “ఎవరు చేశారిది?” అన్నాడు.

మూడో వరసలో రిజెక్టుగారి భార్య లేచి నిలబడింది. ఆ దూరం నుంచే ఆవిడకు అంతా తెలిసిపోయింది. ఆ పసుపు, ఆ నురుగు, ఆ పౌడరు. అయినా సరుకు తన షెడ్డుది. “ఆర్డరు మాదేనండి” అంది.

రిజెక్టుగారు వెనక్కి తిరిగి చూశాడు. భార్య ఆయనకేసి చూడటం లేదు. వేదికకేసే చూస్తూ, దెబ్బ ఎక్కడ పడుతుందోనని ఎదురుచూసే మనిషిలా నిలబడి ఉంది. ఆ నిలబడటం ఆయన ఎన్నోసార్లు చూశాడు, బల్లకు అవతల. ఎప్పుడూ ముఖాల దాకా చూడలేదు, చేతులు బేసిన్ మీద ఉండేవి. ‘అది నా విభాగం కాదు’ అన్న మాట అలవాటుగా నాలుక చివరికొచ్చి కూర్చుంది. నోరు తెరిస్తే చాలు.

“ఆవిడ కాదు” అన్నాడు లేచి. “నేను పోశాను. హార్డెనర్ ఎక్కువ వేశాను. నాకు చేతకాలేదు.”

వెనక వరసల్లోంచి ఎవరిదో గొంతు, ఎంతో మర్యాదగా వినబడింది.

“సుత్తి తెమ్మంటారా సార్?”

అప్పుడు నవ్వారు. ఎన్నేళ్లుగా దాచుకున్న నవ్వో అది, పైకప్పు రేకులు మోగాయి. యజమాని కూడా ముఖం పక్కకు తిప్పుకున్నాడు. రిజెక్టుగారి చెవులు కాలిపోయాయి. కూర్చోవచ్చు, బయటికి నడవొచ్చు. కానీ నియమం ఆయనదే.

“తీసుకురండి” అన్నాడు.

సుత్తి రెక్కలు కట్టుకుని వచ్చింది. వేదిక మీద బల్ల వేశారు. రిజెక్టుగారు గురిచూసి ఒక్కటి వేశాడు. దిమ్మ పగల్లేదు. సగం ఉడికిన వస్తువు పగులుతుందా? సుత్తి దిగబడి, అక్కడే అంటుకుపోయింది. ఎత్తితే దిమ్మ కూడా లేచింది. విదిలిస్తే వదల్లేదు. ఎర్ర నూగు గొంగళిపురుగును సుత్తి చివర పట్టుకుని ఆయన వేదిక మధ్యలో నిలబడిన తీరును అక్కడున్నవాళ్లు ఎవరికి తోచినట్టు వాళ్లు ఫోనుల్లో పట్టుకున్నారు.

ముగ్గురూ టాక్సీలో ఇంటికి బయలుదేరారు.

“పౌడరు నాదేనా?” అంది భార్య.

“ఆఁ.”

“డబ్బా మొత్తమా?”

“అడుగున కొంచెం ఉంది.”

వెనక సీట్లో మరదలు కిటికీ వైపు తిరిగి, కొంగు నోట్లో కుక్కుకుంది.

శిష్యుడికి వేరే దిమ్మ ఇస్తామని యజమానికి మాట ఇచ్చారు. పొద్దున రిజెక్టుగారు షెడ్డు గడప దగ్గర నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

“ఎలా పొయ్యాలి?” అన్నాడు.

మరదలి నోట్లో ఏదో తయారైంది కానీ, అక్క చూపుకు ఆగిపోయింది.

“ముందు చేతులు కడుక్కోండి, సబ్బుతో” అంది భార్య. “మోకాలి నూనె రాత్రి పూట రాసుకుందురు గాని.”

చాకు పెట్టిన అచ్చు పనికిరాదని తెలియడానికి ఆయన దాంట్లోనే ఒకసారి పోసి చూడాల్సి వచ్చింది. గీతకు గీత దిమ్మ మీదకు దిగింది. కొత్త అచ్చు చేయడం నేర్చుకున్నాడు. తూకం వేసి కలపడం, గ్లాసు అంచులూ అడుగూ గీకుతూ, ఎవరినో నిద్రపుచ్చుతున్నట్టు నిదానంగా తిప్పడం, కలిపినదాన్ని వేరే గ్లాసులోకి మార్చి మళ్లీ తిప్పడం, అచ్చులో ఒక మూలనుంచి దారంలా పొయ్యడం. “అడుగు గీకారా?” అని ఆవిడ అడిగినప్పుడల్లా గీకానని చెప్పి, మళ్లీ గీకేవాడు. ఒకటి మసకేసింది. ఒకటి అంతా బాగుండి, బేసిన్ తలకిందులుగా వచ్చింది. దాన్ని మరదలు అడిగి మరీ తీసుకుంది, మనవడు పెద్దయ్యాక కథ చెప్పడానికట.

చివరికి ఒకటి దిగింది. భార్య ఫోను చేసేదాకా కాదు, ఆవిడ వచ్చి పక్కన నిలబడేదాకా ఆగి, అప్పుడు ఊడదీశాడు. నీటి చుక్కలా ఉంది. తిప్పి చూస్తే, అడుగున రేకు పక్కన మినప్పప్పు బద్దంత గుంట ఒకటి.

ఆయన కాసేపు దాన్నే చూశాడు.

“అడుగునే కదా. ఎవరు చూస్తారు?” అన్నాడు.

భార్య స్టూలు మీద కూలబడిపోయింది. ముందు దగ్గుతోందేమో అనుకున్నాడు. కాదు, నవ్వుతోంది, కళ్లనీళ్లు కారేలా. “ఏమైంది?” అని రెండుసార్లు అడిగాక ఆయనకే తట్టింది. బల్లకు అవతల నిలబడిన ప్రతివాడూ ఆయనతో ఆ మాటే అనేవాడు. దాదాపు అవే అక్షరాలు.

పుల్ల చివర రెజిన్ చుక్కతో గుంట పూడ్చాడు. మర్నాడు దాన్ని తడిపిన గరుకు కాగితంతో రుద్దాడు, ముందు ముతకది, తర్వాత సన్నది, ఆ తర్వాత ఇంకా సన్నది. మెడ పట్టేసింది. పూడ్చిన చోటు వెతికితే తప్ప కనిపించనంతగా కలిసిపోయింది. వెతికితే కనిపిస్తుంది.

శిష్యుడు ఆదివారం ఇంటికొచ్చాడు. కుర్చీలో కూర్చోకుండా, దిమ్మను కిటికీ దగ్గరికి పట్టుకెళ్లాడు. వెలుగుకేసి ఎత్తాడు. ముందు పలక, పక్క పలకలు, వెనక పలక. రిజెక్టుగారు గోడకానుకుని నిలబడ్డాడు. అరచేతులు లుంగీకి తుడుచుకున్నాడు. కుర్రాడు దిమ్మను తలకిందులు చేసి, అడుగున బొటనవేలు ఆనించి, అక్కడే ఆపాడు.

“సార్, ఇక్కడ ఏదో పూడ్చినట్టుంది.”

“అవును, పూడ్చాను. నేనే” అన్నాడు రిజెక్టుగారు. “తీసుకెళ్తావా, లేదా?”

శిష్యుడు దిమ్మ వంక చూశాడు, ఆయన వంక చూశాడు. జేబురుమాలులో చుట్టుకుని సంచిలో పెట్టుకున్నాడు.

“తీసుకెళ్తాను సార్” అన్నాడు.

కాఫీ తాగి అతను వెళ్లిపోయాడు. షెడ్డులోంచి భార్య కేకేసింది, గడియారాల ఆర్డరు ఉంది, గ్లాసులు తుడవాలని. ఆయన వెళ్లి, సబ్బు కోసం వెతికాడు.